కారు హెడ్‌లైట్లకు జెనాన్: కిట్ ఎంచుకోవడం నుంచి గోడ మీద బీమ్ సరిచేసేదాకా

రాత్రిపూట గువ్వలచెరువు ఘాట్ దిగే డ్రైవరుకు రెండు కావాలి. మలుపు అవతల ఆగిపోయిన లారీ ముందుగానే కనబడాలి. కింది నుంచి ఎక్కివచ్చే బండివాడికి కళ్ళు చెదరకూడదు. జెనాన్ కిట్ (ఫిలమెంటు బదులు వాయువులో విద్యుత్ చాపంతో వెలిగే బల్బులు, వాటి సామాను) గురించి అడిగేవాళ్ళు దాదాపు అందరూ మొదటిదాని గురించే అడుగుతారు. షాపువాళ్ళూ దాన్నే అమ్ముతారు. రెండూ నెరవేరేలా ఈ పని చేయవచ్చు, కాకపోతే ఓపిక కావాలి. పెట్టె విప్పి బల్బు మార్చినంత సులువు కాదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. గిన్నెలాంటి మెరుపు అద్దమున్న రిఫ్లెక్టర్ హెడ్‌లైటులో హాలోజన్ బల్బు (మామూలు ఫిలమెంటు బల్బు) తీసేసి ఆ చోట జెనాన్ బల్బు పెట్టకండి. పెడితే, ముందు గుండ్రటి లెన్సుండే ప్రొజెక్టర్‌తో సహా మార్చండి. అది కుదరకపోతే ఉన్న హాలోజన్‌నే బాగుచేసుకోండి. చాలా బళ్ళకు ఆ బాగుచేతతోనే సరిపోతుంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

ముందు ఉన్న లైటును కొలవండి

హెచ్4 బల్బు (లో, హై రెండూ ఒకే బల్బులో ఉండే హాలోజన్ రకం) అంటే 60/55 వాట్లు. అది లోబీమ్‌లో 1000 ల్యూమెన్లు (వెలుతురు కొలత), హైబీమ్‌లో 1650 ల్యూమెన్లు ఇవ్వాలి. ఈ లెక్క 13.2 వోల్టులు అందినప్పటిది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర 14 వోల్టుల దాకా ఉంటుంది. అక్కడి నుంచి కరెంటు సన్న వైర్ల గుండా, స్టీరింగ్ పక్కనున్న స్విచ్చు గుండా తిరిగి హెడ్‌లైటుకు వచ్చేసరికి పాత బళ్ళలో చాలా పడిపోతుంది. హాలోజన్‌తో ఉన్న చిక్కు ఏమిటంటే వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుతురు దాదాపు మూడో వంతు తగ్గిపోతుంది. లైటు మసకగా ఉందని బల్బును నిందిస్తాం గానీ, తప్పు వైరుది.

మల్టీమీటరుతో ఇలా చూడండి. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, లైట్లు వెలిగించి, బల్బు హోల్డర్‌లో ఉండగానే హోల్డర్ వెనక నుంచి మీటరు మొనలు ఆనించండి. హోల్డర్ ఊడదీసి కొలిస్తే లోడు ఉండదు, అంకె బాగానే చూపించి మోసం చేస్తుంది. తర్వాత బ్యాటరీ మీద కొలవండి. రెండింటికీ తేడా అర వోల్టు దాటితే రిలే హార్నెస్ వేయించండి. రిలే అంటే పాత స్విచ్చు ఇచ్చే చిన్న సంకేతంతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు, హార్నెస్ అంటే దాని వైర్ల కట్ట. బ్యాటరీ నుంచి నేరుగా మందపాటి వైరు, మధ్యలో ఫ్యూజు, లోకు ఒక రిలే, హైకి ఒక రిలే, మంచి ఎర్త్, అంతే. స్విచ్చు మీద భారం కూడా తగ్గుతుంది.

రెండోది హెడ్‌లైటు ముందు కవరు. మన ఎండకు పాలికార్బనేట్ కవర్లు నాలుగైదేళ్ళకే పసుపెక్కుతాయి. బేతంచెర్ల, తాడిపత్రి వైపు తిరిగే బళ్ళకు రాతిపొడి గీతలు అదనం. 1000, 2000, 3000 నంబరు నీటి సాండ్‌పేపర్లతో వరుసగా తడిపి రుద్ది, పాలిష్ పట్టి, పైన యూవీ కోటింగ్ వేయించండి. కోటింగ్ లేకపోతే మళ్ళీ కొన్ని నెలలకే పసుపు తిరుగుతుంది.

ఈ రెండూ చేశాక ఒక రాత్రి నడిపి చూడండి. అప్పటికీ చాలకపోతేనే కింది భాగం చదవండి. రిలే లేకుండా 100/90 వాట్ల బల్బు వేసుకోవడం మాత్రం వద్దు. హోల్డరు కరుగుతుంది, ఒక్కోసారి వైరింగే అంటుకుంటుంది.

రిఫ్లెక్టరా, ప్రొజెక్టరా

హెడ్‌లైటు ముందు నిలబడి లోపలికి చూడండి. గిన్నెలా వెడల్పైన మెరుపు అద్దం మధ్యలో బల్బు కనిపిస్తే అది రిఫ్లెక్టర్. గాజు గోళీలాంటి గుండ్రటి లెన్సు కనిపిస్తే ప్రొజెక్టర్. ఆల్టో, పాత వ్యాగన్ ఆర్, బొలెరో లాంటివన్నీ హెచ్4 బల్బున్న రిఫ్లెక్టర్లే.

హెచ్4 బల్బులో రెండు ఫిలమెంట్లుంటాయి. లోబీమ్ ఫిలమెంటు కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది. అది కిందికి పోయే వెలుతురును ఆపుతుంది, అందువల్ల అద్దం పైభాగం మాత్రమే పనిచేసి వెలుతురు రోడ్డు మీదికే వంగుతుంది. అద్దం వంపును తయారుచేసినవాళ్ళు ఆ ఫిలమెంటు మిల్లీమీటరు తేడా లేకుండా ఎక్కడ ఉంటుందో లెక్కగట్టి చేస్తారు. జెనాన్‌లో ఫిలమెంటే లేదు. చిన్న క్వార్ట్జ్ గొట్టంలో జెనాన్ వాయువు, లోహ లవణాలు ఉంటాయి. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య 4 మిల్లీమీటర్ల పైచిలుకు ఖాళీలో విద్యుత్ చాపం వెలుగుతుంది. ఆ చాపం కాస్త పైకి వంగి ఉంటుంది, చివర్ల దగ్గర ఎక్కువ ప్రకాశిస్తుంది. దాని ఆకారం వేరు, చోటు వేరు, వెలుతురు మూడింతలు. హాలోజన్ కోసం వంచిన అద్దంలో దాన్ని పెడితే వెలుతురు చెట్ల కొమ్మల మీదికీ, ఎదుటివాడి ముఖం మీదికీ పోతుంది. మీకు దగ్గర రోడ్డంతా తెల్లగా మెరుస్తుంది, దాంతో బాగా కనిపిస్తోందనిపిస్తుంది. కానీ దగ్గర వెలుగెక్కువైతే కంటిపాప కుంచించుకుపోయి దూరం ఇంకా తక్కువ కనబడుతుంది. 70 మీటర్ల అవతల గొర్రెల మంద రోడ్డు దాటుతున్నా ఆలస్యంగా తెలుస్తుంది. హెచ్4 రూపంలో వచ్చే ఎల్‌ఈడీ బల్బులకూ ఈ ఇబ్బంది చాలామటుకు వర్తిస్తుంది.

కార్లలో జెనాన్ 1991లో బీఎండబ్ల్యూ 7 సిరీస్‌తో వచ్చింది. ఐరోపా నిబంధనల ప్రకారం 2000 ల్యూమెన్లు దాటే లోబీమ్ బల్బు ఉన్న బండికి హెడ్‌లైటు కడిగే ఏర్పాటు, బరువును బట్టి బీమ్ ఎత్తును తానే సరిచేసుకునే ఏర్పాటు తప్పనిసరి. ముందు కవరు మీద దుమ్ముంటే బలమైన వెలుతురు చెదిరి ఎదుటివాడి కంట్లో పడుతుంది. వెనక బరువు పెరిగితే ముందు లైటు పైకి లేస్తుంది. బయట కొన్న కిట్టుకు ఈ రెండు ఏర్పాట్లూ ఉండవు. కాబట్టి ఆ రెండు పనులూ మీరే చేయాలి.

చట్టం సంగతి

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. ఎదుటివాడి కళ్ళు చెదరగొట్టకుండా లైటు కిందికి వంగి ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 106వ నియమం చెబుతుంది. బజారులో దొరికిన కిట్టును ఎంత బాగా అమర్చినా అది ఆమోదం పొందిన భాగం అయిపోదు, ప్రొజెక్టర్ వేసినా అంతే. వారంటీ పోయే అవకాశం ఉంది, ప్రమాదం జరిగితే బీమా కంపెనీ ప్రశ్న వేయవచ్చు. పని మొదలుపెట్టే ముందు మీ జిల్లా రవాణా కార్యాలయంలో అడగండి. మీ మోడల్‌లోనే పై వేరియంటుకు కంపెనీ ప్రొజెక్టర్ హెడ్‌లైటు ఇచ్చి ఉంటే, ఆ అసలు హెడ్‌లైటు తెచ్చి బిగించుకోవడం అన్నిటికన్నా శుభ్రమైన దారి.

ఏం కొనాలి

బై-జెనాన్ ప్రొజెక్టర్ల జత కొనండి. బై-జెనాన్ అంటే ఒకే బల్బుతో లో, హై రెండూ. లోపల ఒక రేకు అడ్డుంటుంది. హై కొట్టగానే చిన్న సోలెనాయిడ్ (విద్యుత్ అయస్కాంతం) దాన్ని కిందికి లాగుతుంది. హెచ్4 రంధ్రంలోంచే దూర్చి వెనక నట్టుతో బిగించే చిన్న ప్రొజెక్టర్లు దొరుకుతాయి. వాటికి అసలు అద్దాన్ని కోయనక్కరలేదు.

ఇక్కడ ఒక్క విషయం దగ్గర మొండిగా ఉండండి. మనం రోడ్డుకు ఎడమవైపు నడుపుతాం కాబట్టి కటాఫ్ గీత (లోబీమ్ వెలుతురు పై అంచు) ఎడమవైపు మెట్టులా పైకి లేవాలి. రోడ్డుకు కుడివైపు నడిపే దేశాల కోసం చేసిన ప్రొజెక్టర్లు బజారులో చాలా ఉన్నాయి. వాటికి మెట్టు కుడివైపు లేస్తుంది. అంటే సరిగ్గా ఎదుటి బండి వచ్చే వైపు. గోడ మీద ఎంత సరిచేసినా ఆ లోపం పోదు. కుడి స్టీరింగ్ బళ్ళ కోసం చేసినవేనని పెట్టె మీద చూసి, వీలైతే షాపులోనే వెలిగించి చూసి కొనండి.

బల్బు రంగు 4300 కెల్విన్ (వెలుతురు రంగు కొలత). కంపెనీ జెనాన్ బళ్ళలో ఉండేది దాదాపు ఇదే. 5000 దాటవద్దు. “అన్నా, ఎనిమిదివేలది ఏస్తే పగలు మాదిరి ఉంటాది” అంటారు, నమ్మకండి. అంకె పెరిగేకొద్దీ రంగు నీలానికి తిరుగుతుంది, ల్యూమెన్లు తగ్గుతాయి, ఎదుటివాడి కంటికి బాధ పెరుగుతుంది. తడి తారురోడ్డు మీద నీలి వెలుతురు దాదాపు కనబడదు.

బ్యాలస్ట్ (జెనాన్ బల్బుకు తగినట్టు కరెంటును మార్చి ఇచ్చే డబ్బా) 35 వాట్లది తీసుకోండి. మంచి 35 వాట్ల డి2ఎస్ రకం జెనాన్ బల్బు 3200 ల్యూమెన్లు ఇస్తుంది. 55 వాట్ల కిట్టు వేడికి అద్దం మీది పూత నల్లబడుతుంది, బల్బు తొందరగా పోతుంది. మన దగ్గర మే నెల మధ్యాహ్నం బానెట్ కింద ఉండే వేడికి అది ఇంకా అన్యాయం. బ్యాలస్ట్ మీద ఏసీ అని, ఐపీ67 (దుమ్ము, నీళ్ళు చొరబడవని గుర్తు) అని ఉండాలి. డీసీ బ్యాలస్ట్‌లు చౌక, కానీ బల్బు మిణుకుతుంది, ఆయుష్షు తక్కువ. కొత్త బళ్ళలో బల్బు పోయిందని డాష్‌బోర్డు హెచ్చరిక వస్తుంటే బండి కంప్యూటరుకు పొసిగే క్యాన్‌బస్ రకం కావాలి.

వీటితోపాటు రిలే హార్నెస్, బ్యూటైల్ సీలెంట్ (కవరు అతికించే జిగురు తాడు), హీట్ ష్రింక్ ట్యూబు, హీట్ గన్, 10 మిల్లీమీటర్ల సాకెట్, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ, నూలు గ్లవుజులు, మాస్కింగ్ టేపు దగ్గర పెట్టుకోండి.

విప్పడానికి ముందు గోడ మీద గుర్తు

చదునైన నేల, ఎదురుగా తెల్లగోడ వెతకండి. మార్కెట్ యార్డు గోడౌన్ గానీ కళ్యాణ మండపం ప్రహరీ గానీ రాత్రిపూట దీనికి బాగా పనికొస్తాయి. గోడకు 7.5 మీటర్ల దూరంలో బండి నిలిపి, హెడ్‌లైటు మధ్య భాగం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచి గోడ మీద అదే ఎత్తున టేపు అంటించండి. ఇప్పుడున్న లోబీమ్ ఎక్కడ పడుతోందో ఇంకో టేపుతో గుర్తుపెట్టి ఫోటో తీసుకోండి.

హెడ్‌లైటు తెరవడం

బ్యాటరీ నెగటివ్ తీసేయండి. చాలా బళ్ళలో బంపర్ కూడా దించాలి. ప్లాస్టిక్ క్లిప్పులు మొరటుగా లాగితే విరుగుతాయి, నాలుగు కొత్తవి ముందే తెచ్చుకోండి. హెడ్‌లైటు బయటికి తీశాక బల్బులు, రబ్బరు మూతలు, స్క్రూలు అన్నీ తీసేయండి. ముందు కవరు, వెనక డబ్బా కలిసే అంచు చుట్టూ హీట్ గన్ తిప్పుతూ ఉండండి. ఒకేచోట నిలిపితే కవరు బొబ్బలెక్కుతుంది. సీలెంట్ మెత్తబడ్డాక ఒక మూల నుంచి మెల్లగా తెరవండి. రానంటే బలవంతం వద్దు, మళ్ళీ వేడి చేయండి. కొన్ని హెడ్‌లైట్లకు వేడికి కరగని గట్టి జిగురు వాడతారు. అవి కోస్తే తప్ప రావు. అలాంటిదైతే ఈ పని ఇక్కడితో ఆపేయమనే నా సలహా. కోసిన హెడ్‌లైటులోకి వానాకాలం నీళ్ళు చేరకుండా ఆపడం చాలా కష్టం.

లోపలి మెరుపు అద్దాన్ని వేలితో ముట్టుకోకండి. గుడ్డతో కూడా తుడవకండి. ఆ పూత తుడిస్తే పోతుంది.

ప్రొజెక్టర్ బిగించడం

ప్రొజెక్టర్ తోకను బల్బు రంధ్రంలోంచి వెనక్కి దూర్చి, సిలికాన్ వాషర్, నట్టు వేయండి. నట్టును చేత్తో బిగించి వదిలేయండి, పానా పట్టే సమయం ఇంకా రాలేదు. బల్బును గ్లవుజులతో పట్టుకుని అమర్చండి. వేలి చెమట మరక గాజు మీద ఉంటే ఆ చోట వేడెక్కి బల్బు దెబ్బతింటుంది.

కవరు మూయకుండానే హెడ్‌లైటును బండి మీద తాత్కాలికంగా కూర్చోబెట్టి, కరెంటిచ్చి వెలిగించండి. గోడ మీద కటాఫ్ గీత నేలకు సమాంతరంగా పడాలి. ఒక పక్కకు వాలితే ప్రొజెక్టర్‌ను గోరంత తిప్పండి. రెండు హెడ్‌లైట్ల గీతలూ ఒకే మట్టానికి వచ్చాక ఆర్పి, చల్లారనిచ్చి, అప్పుడు నట్టు గట్టిగా బిగించండి. బిగించేటప్పుడు ప్రొజెక్టర్ తిరిగిపోతుంది, అందుకే మళ్ళీ వెలిగించి చూడాలి. ఈ ఒక్క అంచె మీద సాయంత్రం మొత్తం పోయినా పోనివ్వండి. మూసేశాక సరిచేయాలంటే మళ్ళీ హీట్ గన్ పట్టాల్సిందే.

తర్వాత పాత సీలెంట్ గీకి కొత్త బ్యూటైల్ తాడు గాడిలో పరిచి, వేడి చేసి కవరు నొక్కి, చుట్టూ క్లిప్పులు వేయండి. లోపల దుమ్ము, వెంట్రుక లేకుండా గాలి కొట్టి మూయండి. గాలి ఆడే చిన్న గొట్టాలను మూయకండి. అవి మూసుకుపోతే లోపల చెమర్చుతుంది.

బ్యాలస్ట్, వైరింగ్

బ్యాలస్ట్‌ను లోహపు భాగానికి స్క్రూలతో బిగించండి. జిప్ టైతో వేలాడదీయకండి. ఇంజిన్ వేడి తగలకుండా, వంక దాటేటప్పుడు నీళ్ళు ఎగసిపడే బంపర్ అడుగున కాకుండా చోటు చూడండి. కనెక్టర్లు కిందివైపు తిరిగి ఉండాలి. బల్బు వెలిగేటప్పుడు ఇగ్నైటర్ (బల్బును రాజేసే భాగం) నుంచి 20,000 వోల్టులకు పైగా వస్తుంది. అందుకే ఆ తీగను పొడిగించకూడదు, కోయకూడదు, ఆన్‌లో ఉండగా ముట్టకూడదు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు ఈ పనికి దూరంగా ఉండాలి.

రిలే కనెక్షన్ ఇలా. 30వ పిన్ను బ్యాటరీ పాజిటివ్‌కు, మధ్యలో ఫ్యూజు. ఆ ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి, లేకపోతే మధ్యలో వైరు రాసుకుని షార్టయితే ఆపేదేమీ ఉండదు. 87వ పిన్ను బ్యాలస్ట్‌లకు. 86వ పిన్నుకు పాత హెడ్‌లైటు హోల్డరు నుంచి వచ్చే లోబీమ్ సంకేతం. 85 ఎర్త్. వెలిగి నిలదొక్కుకున్నాక ఒక్కో బ్యాలస్ట్ మూడు ఆంపియర్ల చుట్టుపక్కల తీసుకుంటుంది గానీ, రాజుకునే కొన్ని క్షణాలు దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. అందుకే పాత సన్న వైరు మీద దాన్ని నడపకూడదు. ఎర్త్ కోసం పెయింటు గీకి మెరిసే రేకు మీద రింగు టెర్మినల్ బిగించండి. మిణుకుతోందని వచ్చే బళ్ళలో ముందు చూడాల్సింది ఈ ఎర్త్‌నే.

రెండు చోట్ల జాగ్రత్త. కొన్ని కార్లలో హెచ్4 హోల్డరుకు పాజిటివ్ ఎప్పుడూ ఉంటుంది, స్విచ్చు నెగటివ్ వైపు పనిచేస్తుంది. మీటరుతో చూడకుండా కలిపితే లైటు ఆరనే ఆరదు, లేదా వెలగనే వెలగదు. రెండోది, హెచ్4 బళ్ళలో హై కొట్టగానే లో సంకేతం ఆగిపోతుంది. బై-జెనాన్‌కు హైలో కూడా బల్బు వెలుగుతూనే ఉండాలి, రేకు మాత్రమే కదలాలి. హార్నెస్ రెండు సంకేతాలనూ తీసుకునేదై ఉండాలి. లేకపోతే ప్రతిసారీ బల్బు ఆరి మళ్ళీ రాజుకుంటుంది, ఆ క్షణం మీ ముందు చీకటే.

వెలిగించడం, గోడ మీద సరిచేయడం

వెలిగించగానే నీలంగా మొదలై కొద్ది సెకన్లలో తెల్లబడుతుంది. పూర్తి వెలుతురుకు అర నిమిషం దాకా ఇవ్వండి. వెంటవెంటనే ఆన్, ఆఫ్ చేయకండి. పగలు ఓవర్‌టేక్‌కు డిప్పర్ కొట్టే అలవాటుంటే హారన్‌కు మారండి. ఆరి ఉన్న జెనాన్‌ను ప్రతిసారీ రాజేస్తే దాని ఆయుష్షు కరిగిపోతుంది.

ఇప్పుడు పాత గోడ దగ్గరికే వెళ్ళండి. టైర్లలో గాలి సరిగా ఉండాలి, డ్రైవరు సీట్లో మనిషి ఉండాలి, లెవెలింగ్ నాబ్ (బీమ్ ఎత్తు మార్చే మీట) సున్నాలో ఉండాలి. 7.5 మీటర్ల దూరంలో కటాఫ్ గీత, లైటు మధ్య ఎత్తుకన్నా 7.5 సెంటీమీటర్లు కిందికి పడాలి. అంటే నూటికి ఒకటి వాలు. లైటు నేల నుంచి 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే ఆ వెలుతురు 70 మీటర్ల దూరాన రోడ్డును తాకుతుంది. హెడ్‌లైటు వెనకున్న స్క్రూ తిప్పి ఒకదాని తర్వాత ఒకటి చేయండి. రెండోదాన్ని గుడ్డ కప్పి ఉంచండి. మెట్టు ఎడమవైపు లేవాలని మరోసారి చూసుకోండి.

చివరి పరీక్ష 106వ నియమంలోనే ఉంది. లైటుకు 8 మీటర్ల ముందు, అర మీటరు కుడిపక్కకు, నేల నుంచి మీటరున్నర ఎత్తులో కళ్ళుండేలా నిలబడి లోబీమ్ వైపు చూడండి. కళ్ళు చెదిరితే ఇంకా దించాలి. మొహమాటం లేకుండా చెప్పే మనిషిని ఎదురుగా బైకు మీద కూర్చోబెట్టి చూపిస్తే ఇంకా మంచిది. మన రోడ్ల మీద ఈ వెలుతురు దెబ్బ ఎక్కువగా తగిలేది బైకువాళ్ళకే.

తర్వాత

వారం తిరిగాక బ్యాలస్ట్ స్క్రూలు, ఎర్త్, కవరు లోపల తేమ చూడండి. గుంతల రోడ్ల మీద తిరిగే బండయితే బీమ్‌ను కూడా మళ్ళీ గోడ మీద చూసుకోండి. శ్రీశైలానికి ఐదుగురితో, డిక్కీ నిండా సామానుతో బయల్దేరేటప్పుడు లెవెలింగ్ నాబ్ తిప్పి బీమ్‌ను రెండు గీతలు దించండి. దారిలో టీకి ఆగినప్పుడల్లా హెడ్‌లైటు తడిగుడ్డతో తుడవండి.

పాతబడిన జెనాన్ బల్బు గులాబీ, ఊదా రంగుకు తిరుగుతుంది. అప్పుడు రెండూ కలిపి మార్చండి, ఒక్కటే మారిస్తే రంగులు కలవవు. డి2ఎస్ బల్బులో పాదరసం ఉంటుంది. పగిలితే గాలి ఆడనిచ్చి, చేత్తో ఎత్తకుండా తడి కాగితంతో తీసి మూత బిగించిన డబ్బాలో వేయండి. పాత బల్బులను చెత్తకుప్పలో పారేయకుండా, ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్ళకు ఇవ్వండి.